గురువారం నాటికి లేని చారలు

పొద్దున్నే ఆటో ముందుసీటులో, బండి తోలుతున్న అన్నయ్య ఆరోన్ పక్కన ఒదిగి కూర్చుని రూతు చిన్న పుస్తకం తెరిచింది. అది కాలేజీ పుస్తకం కాదు. బెజవాడ బస్టాండు దగ్గర పేవ్‌మెంటు మీద ఆరోన్ కొన్న ట్రాఫిక్ గుర్తుల పుస్తకం. ఆర్టీసీ డ్రైవర్ల సెలక్షన్ ఈ నెలాఖరులోనే. బస్సు తోలించి చూసేముందు గుర్తులు అడుగుతారని ఎవరో చెప్పారు.

"రోడ్డు మధ్యలో రెండు గీతలున్నాయి. ఒకటి తెగకుండా ఉంది, ఒకటి ముక్కలు ముక్కలుగా ఉంది. ఎవరు దాటొచ్చు?"

"ముక్కల గీత ఎవడి పక్కనుంటే వాడు దాటొచ్చు. తెగని గీత పక్కవాడు నోరుమూసుకుని వెనకే పోవాలి."

వెనకసీటులో తోటకూర కట్టల మధ్య ఇరుక్కుని కూర్చున్న సీతారావమ్మ నవ్వింది. "మా ఇంట్లో తెగని గీత నలభై ఏళ్ళుగా నా పక్కనే ఉందిరా ఆరోనూ."

"పెద్దాయన మాత్రం దాటేస్తా ఉంటాడా మామ్మా?"

"హారను కూడా కొట్టడు."

ఆటోలో అందరూ నవ్వారు. రూతు పుస్తకంలోకి తల వంచుకునే నవ్వింది. తరవాతి ప్రశ్న ఇంకా మెల్లగా అడిగింది. వెనక మనుషులుంటే ఆమె గొంతు దానంతట అదే తగ్గిపోతుంది.

"రోడ్డు అంచున తెల్లగీత తెగకుండా ఉంటే?"

"అక్కడితో రోడ్డు అయిపోయిందని. మన రోడ్డుకు అది వెయ్యలేదుగా. మనకు కాలవే గీత."

అంటూనే ఆరోన్ ఆటో నెమ్మది చేశాడు. ఎదురుగా ఏమీ లేదు. రూతు తలెత్తి చూసింది. తారు మీద అరచేతి వెడల్పున చెరుకు పిప్పి పరుచుకుని ఉంది. రాత్రి ట్రాక్టరు నుంచి రాలిన గడలను లారీలు నలిపి పోయాయి. వాటిమీద మంచు పడింది.

"ఇక్కడ బ్రేకు ముట్టుకుంటే బండి తిరిగిపోద్ది" అన్నాడు. "ఇది నీ పుస్తకంలో ఉందా?"

"లేదు."

ఇంకొంచెం దూరం పోయాక తారు మీద తడి చార ఒకటి మొదలైంది. కైకలూరు వైపు నుంచి వచ్చే చేపల లారీ కార్చిన నీళ్ళు. అది వాన నీరులా ఉండదని, జిడ్డుగా ఉంటుందని, మలుపులో రెండు చక్రాల బండ్లు అక్కడే పడతాయని ఆరోన్ చెప్పాడు. ఆ తరవాత పొలం దమ్ము చేసే ఇనప చక్రాలతోనే ట్రాక్టరు తారును కోసుకుంటూ పోయిన గాట్లు. ఆ తరవాత రోడ్డు మధ్యన వరసగా పెట్టిన మూడు రాళ్ళు. ఎవడో లారీవాడు టైరు మార్చుకోవడానికి వెనక అడ్డంగా పెట్టాడు. టైరు మార్చుకుని పోయాడు, రాళ్ళు తియ్యలేదు. ఆరోన్ ఆటో పక్కకు ఆపి దిగి, రాళ్ళను ఒక్కొక్కటే కాలితో కాలవ వైపు దొర్లించి వచ్చాడు.

"నువ్వు ఆర్టీసీలో చేరితే బస్సు దిగి ఇట్టాగే రాళ్ళు తీస్తావా ఏంట్రా?" అంది సీతారావమ్మ.

"బస్సుకు కండక్టరుంటాడుగా మామ్మా."

చినలంక నుంచి ఉయ్యూరు దాకా ఆ రోడ్డు ఆరోన్‌కు అంతా చేతిలో ఉన్నట్టే ఉంటుంది. ఎక్కడ గేరు తగ్గించాలో, ఎక్కడ కాలవ వైపు పక్క జారి ఉందో, ఏ మలుపు తరవాత సూర్యుడు కళ్ళల్లో పడతాడో అతను ఆలోచించడు. చేతులే చేసుకుపోతాయి. ఉయ్యూరులో రూతును కాలేజీ దగ్గర దించి, సీతారావమ్మనూ మిగతావాళ్ళనూ తీసుకుని బెంజ్ సర్కిల్ వైపు వెళ్ళిపోయాడు.

*

సాయంత్రం నాలుగింటికి రూతు బస్సు దిగేసరికి ఊరి బడి ముందు జనం ఉన్నారు. తారు వాసన కాలవ అవతల దాకా వస్తోంది. రోడ్డుకు అడ్డంగా కొత్త స్పీడు బ్రేకరు పడింది. నల్లగా, నున్నగా, మోకాలి కింద దాకా ఎత్తుగా ఉంది. రోలరు ఇంకా పక్కనే ఆగి ఉంది. దిబ్బ మీద ఒక కొబ్బరికాయ పగలగొట్టిన చెమ్మ, చిటికెడు పసుపు. ప్రెసిడెంటు వెంకటసుబ్బారావు గారు కొబ్బరిచెక్క పట్టుకుని అందరికీ ముక్కలు పంచుతున్నాడు.

పోయిన వానాకాలం బడి పిల్లవాణ్ణి ఇక్కడే లారీ కొట్టింది. అప్పటినుంచి ఊరంతా ఈ దిబ్బ కోసం తిరుగుతూనే ఉంది. రూతు కూడా అర్జీ మీద సంతకం పెట్టింది. ఇప్పుడు దాన్ని చూస్తే సంతోషం కలగాలి. కాని ఆమె ఉయ్యూరు వైపు చూసింది. బడికి కొంచెం అవతలే మలుపు. మలుపు తిరిగాక గాని దిబ్బ కనపడదు. కనపడినా నల్లటి రోడ్డు మీద నల్లటి దిబ్బ.

పనివాళ్ళు పారలు కడుక్కుంటున్నారు. రూతు మేస్త్రీ దగ్గరకు వెళ్ళి నిలబడింది. అతను చూసేదాకా నోరు తెరవలేదు.

"ఏంటమ్మా?"

"చారలు వెయ్యరాండి? తెల్లవి."

"అది వేరే కాంట్రాక్టమ్మా. మాది దిబ్బ పోసేదాకానే."

"వాళ్ళెప్పుడొస్తారండి?"

"మార్చి దాటాక బిల్లు పడితే వస్తారు. ఏం, నీకు తొందరా?"

పక్కన నిలబడ్డవాళ్ళు నవ్వారు. రూతు చెవులు వేడెక్కాయి. "మరి బోర్డన్నా" అనబోయింది. మాట సగంలోనే ఆగిపోయింది. మేస్త్రీ అప్పటికే రోలరు ఎక్కుతున్నాడు.

జనం పలచబడ్డాక ఆమె కాలవ గట్టు మీద నుంచి తుమ్మకంప ఒకటి ఈడ్చుకొచ్చింది. చెడిపోయి ఆగిన లారీ వెనక డ్రైవర్లు వేసేటట్టు దిబ్బకు ముందు రోడ్డు మీద వేసింది. బడి గోడ పక్క నుంచి ఇటుకలు తెచ్చి రెండు వైపులా పెట్టింది. మూడో ఇటుక పెడుతుంటే టీ కొట్టు దగ్గర నుంచి వెంకటసుబ్బారావు గారు కేకేశాడు.

"ఏయ్ అమ్మాయ్, లాజరు కూతురివి కదా నువ్వు. కొత్తగా వేసినదాని ముందు ఆ కంపలేంటి? రోడ్ల ఇంజినీరు ఏఈ గారు ఫోటో తియ్యటానికి వస్తున్నారు."

"చీకటి పడితే కనపడదండి."

"కనపడకపోవటానికి అదేం చీమా? తీసెయ్. ఆడపిల్లవి రోడ్డు మధ్య ఏం పని నీకు? ఇంటికి పో."

టీ కొట్టు బల్లమీద కూర్చున్నవాళ్ళందరూ ఆమెనే చూస్తున్నారు. రూతు వంగి కంప అందుకుంది. ముల్లు అరచేతిలో దిగింది. దాన్ని అక్కడే పీకేసుకుని, కంపను గట్టు మీదకు విసిరి, ఇటుకలు మళ్ళీ గోడ పక్కన పెట్టి ఇంటికి వెళ్ళింది. దారంతా ఆమె పెదవి లోపలివైపు కొరుక్కుంటూనే ఉంది.

దీపాలు పెట్టే వేళ రోడ్డు వైపు నుంచి ఇనుము గీసుకున్న చప్పుడు వచ్చింది. బియ్యం చెరుగుతున్న తల్లి దానమ్మ చేట వదిలేసింది. ఏం జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. రూతు అప్పటికే పరుగెత్తుతోంది.

ఆటో దిబ్బకు అవతల పక్కకు ఒరిగి పడి ఉంది. ముందు చక్రం ఇంకా తిరుగుతోంది. తోటకూర అమ్మేసిన ఖాళీ గంప కాలవ దాకా దొర్లిపోయింది. సీతారావమ్మ రోడ్డు మీద వెల్లకిలా పడి ఉంది. తొడ ఎముక విరిగి కాలు ఎటో తిరిగి ఉంది. ఆమె తల కింద ఆరోన్ రెండు చేతులూ పెట్టి కూర్చున్నాడు. అతని కనుబొమ నుంచి రక్తం గడ్డం దాకా కారుతోంది.

"మామ్మా, మాట్లాడు మామ్మా."

"ఏం మాట్లాడను. ముందు సీట్లో కూచుంటే గాలొచ్చుద్దంటివి" అంది ఆమె పళ్ళు బిగబట్టి.

ఆమెను ఆస్పత్రికని చెరుకు ట్రాక్టరు మీద ఎక్కించాక ఆరోన్ దిబ్బ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దాని మీద అరచెయ్యి పెట్టి, గోడ నున్నదనం చూసినట్టు ఇటు నుంచి అటు దాకా నెమ్మదిగా తడిమాడు.

"ఇది ఎక్కడిదే?" అన్నాడు రూతుతో. "పొద్దున లేదు కదా."

*

శుక్రవారం ఆరోన్‌ను స్టేషన్‌లో ఉంచారు. ఆటో కూడా అక్కడే ఉంది. పేపర్లో జిల్లా పేజీ అడుగున నాలుగు లైన్లు వచ్చాయి. ఆటో డ్రైవరు నిర్లక్ష్యంగా నడపటం వల్ల వృద్ధురాలికి గాయాలు అని. రూతు ఆ నాలుగు లైన్లూ చదివి, పేపరు మడిచి, మళ్ళీ విప్పి చదివింది. దిబ్బ మాట ఎక్కడా లేదు. ముందుసీటులో మనిషిని కూర్చోబెట్టడం అన్నయ్య తప్పే. ఆ సీటులో రోజూ తనూ కూర్చుంటుంది. కాని ఆ సీటు మీద ఎవరూ లేకపోయినా ఆటో ఎగిరేదే.

ఆ సాయంత్రమే పాలబ్బాయి మోటారు సైకిలు దిబ్బ ఎక్కి పడింది. రెండు క్యానుల పాలు రోడ్డు మీద పారాయి. అతనికి మోచెయ్యి చీరుకుపోవటం తప్ప ఏమీ కాలేదు. టీ కొట్టు దగ్గర నవ్వుకున్నారు. "దిబ్బకు పాలాభిషేకం అయింది" అన్నారు ఎవరో. రూతు గోడ పక్కన నిలబడి ఆ నవ్వు విన్నది. ఆమె చేతుల్లోని చున్నీ కొస తాడులా మెలిపడిపోయింది.

తండ్రి లాజరు ఇళ్ళకు సున్నాలు, రంగులు వేస్తాడు. కంకిపాడులో ఎవరిదో కొత్త ఇంటి పనికి పోయి ఆదివారం దాకా రాడు. కొడుకు సంగతి కబురు అంది స్టేషన్‌కు ఒకసారి వచ్చిపోయాడు గాని, ఒప్పుకున్న పని వదిలేస్తే మళ్ళీ పిలవరని తిరిగి పోయాడు. ఇంట్లో మంచం కింద అతని సామాను ఉంది. చర్చి గేటుకు వేయగా మిగిలిన తెల్ల ఎనామెల్ డబ్బా కూడా అందులోనే ఉంది.

శనివారం పొద్దున రూతు కాలేజీకి పోలేదు. చున్నీ తలమీదుగా గడ్డం దాకా చుట్టుకుంది. కొబ్బరి ఈనెల చీపురుతో దిబ్బంతా ఊడ్చింది. దుమ్ము పైన రంగు వేస్తే పొరగా లేచిపోతుందని తండ్రి ఎన్నోసార్లు చెప్పాడు. కాబట్టి తడిగుడ్డతో తుడిచి ఆరేదాకా ఆగింది. నీలిమందులో ముంచిన దారం ఒక కొస మేకుకు కట్టి, రెండో కొస బిగబట్టి, మధ్యలో వేలితో లాగి వదిలింది. తారు మీద నీలం గీత సన్నగా పడింది. ఇటుక వెడల్పున అలా వరసగా గీతలు కొట్టుకుంటూ పోయింది. ఆ తరవాత డబ్బా మూత స్క్రూడ్రైవరుతో లేపింది. పైన కట్టిన మీగడ తీసేసి వేపపుల్లతో అడుగంటా కలిపింది.

మొదటి చార నీలం గీతకు కొంచెం బయటికి పోయింది. టీ కొట్టు అంతా చూస్తోంది. ఎవడో "ఏం పాపా, కాంట్రాక్టు నీకిచ్చారా?" అన్నాడు. ఆమె తలెత్తలేదు. రెండో చార గీతల మధ్యనే తిన్నగా పడింది. బ్రష్షు తారు మీద కరకరలాడుతోంది. కొత్త తారు రంగును పీల్చేస్తోంది. ఒక చోట రెండుసార్లు పోతే గాని తెల్లబడటం లేదు. ఆమె ఒక వైపు వేస్తుంటే బండ్లు రెండో వైపు నుంచి పోతున్నాయి. మూడో చార పూర్తయ్యేసరికి మలుపు తిరిగి వచ్చిన స్కూటరు ఒకటి దూరం నుంచే నెమ్మదించింది. వెనక చిన్నపిల్లను కూర్చోబెట్టుకుని నడుపుతున్న ఆవిడ ఊరికే దిబ్బ ఎక్కి దిగి వెళ్ళిపోయింది. అటు తిరిగి చూడలేదు కూడా.

రూతు ముంజేత్తో నుదురు తుడుచుకుంది. ఈ పని మేస్త్రీకి గురువారం అరగంట పట్టేది. ఆ అరగంట ఎవరి ఖాతాలో లేదని సీతారావమ్మ తొడ విరిగింది. చార అంచు దాటకుండా, ఎవరినో గీకుతున్నట్టుగా ఆమె బ్రష్షును అదిమి లాగింది.

*

శనివారం సాయంత్రం వెంకటసుబ్బారావు గారు జామీను సంతకం పెట్టి ఆరోన్‌ను విడిపించుకొచ్చాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఆయనే ఇంటి ముందు మోటారు సైకిలు మీద కూర్చుని ఉన్నాడు. లాజరు కూడా అప్పుడే కంకిపాడు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"లాజరూ, రేపు పదింటికి ఏఈ గారూ, స్టేషన్ నుంచి హెడ్డు గారూ వస్తున్నారు. రిపోర్టు రాసుకుంటారు. ఏఈ గారితో ఫోనులో మాట్లాడాను. దిబ్బ మీద చారలు బాగానే ఉన్నాయిగా, మా పని మేం చేశాం అంటున్నాడాయన."

లాజరు చెంబు కింద పెట్టాడు. "చారలా? చారలెక్కడివండి?"

వెంకటసుబ్బారావు గారు రూతు వైపు చూశాడు. రూతు గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఎవరు వేశారన్నది మనకెందుకయ్యా. ఉన్నాయి కదా. ఆ దిబ్బ కోసం నేను నెలల తరబడి తిరిగాను. రేపు ఎవరన్నా అడ్డం మాట్లాడితే ఏఈ గారు దాన్ని తవ్విస్తానంటున్నాడు. అప్పుడు బడి పిల్లలకు ఎవరు సమాధానం చెప్తారు? ఏదో కోర్టులో జుల్మానా పడితే పడుద్ది. నేను చూసుకుంటాలే."

"లైసెన్సు సంగతి?" అన్నాడు ఆరోన్ మంచం మీద నుంచి. కనుబొమ మీద కుట్లు లాగుతున్నందువల్ల ఒక కన్ను సగం మూసుకునే ఉంది. "చారలున్నా చూసుకోలేదని రాస్తే లైసెన్సు పోద్ది కదండి. ఆర్టీసీ వాళ్ళు కేసున్నవాణ్ణి తీసుకోరు."

"ఆర్టీసీ కాకపోతే ఇంకోటి. కుర్రోడివి." ఆయన బండి స్టార్టు చేశాడు. "రేపు మీవాళ్ళెవరూ అటు రాకండి. అదే మంచిది."

బండి చప్పుడు దూరమైంది. ఆ తరవాత లాజరు కూతురి వైపు తిరిగాడు.

"నిన్నెవడు వెయ్యమన్నాడే?"

"పాలబ్బాయి పడ్డాడు నాన్నా."

"పడితే? ఊళ్ళో ఎవడూ పట్టించుకోందే నీకేనా? ఆ చారలు లేకపోతే వాడు మారాజులాగా చెప్పుకుంటాడు, కనపడలేదండి అని. ఇప్పుడేం చెప్తాడు? నీ అన్న పీక నువ్వే నా రంగుతో కోశావు."

రూతు ఆరోన్ వైపు చూసింది. అతను ఏదన్నా అంటాడేమోనని చూసింది. ఆరోన్ గోడకు ఆనుకుని అరచేతులు చూసుకుంటున్నాడు.

"నిన్న వచ్చేటప్పుడు చూశాను" అన్నాడు చివరికి. "మలుపు తిరగ్గానే కనపడ్డాయి. ప్రెసిడెంటు గారు బ్రేకేశారు. తుడిచెయ్యమని నేననను. ఉంచమనీ అనలేను. నన్నడక్కండి."

"నేను తుడుస్తా" అన్నాడు లాజరు. "పొద్దున్నే పోయి కిరసనాయిలు పోసి ఇనప బ్రష్షు పెడితే అరగంటలో పోద్ది. నిన్నగాక మొన్న వేసిన ఎనామెలు."

"వద్దు నాన్నా."

"నోరుముయ్."

 రూతు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికింది. తుడవకపోతే అన్నయ్య లైసెన్సు పోతుంది. తుడిస్తే రేపు సాయంత్రం ఇంకెవరో ఎగిరి పడతారు. ఈ రెండిటినీ తన ముందు పెట్టినవాళ్ళు మాత్రం హాయిగా ఫోనుల్లో మాట్లాడుకుంటున్నారు. ఆమెకు ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదనిపించింది.

*

సోమవారం పొద్దున లాజరు కిరసనాయిలు సీసా, ఇనప బ్రష్షు, పాత గోనెపట్టా సంచిలో వేసుకుని బయలుదేరాడు. రూతు వెనకే వెళ్ళింది. ఆయన వద్దనలేదు, రమ్మనలేదు.

ఆయన మొదటి చార మీద కిరసనాయిలు ఒలికించి కొంచెంసేపు నాననిచ్చాడు. ఆ తరవాత గొంతుక్కూర్చుని రుద్దటం మొదలుపెట్టాడు. తెలుపు ముద్దలు ముద్దలుగా లేచి బూడిదరంగు అవుతోంది. ఇరవై ఏళ్ళుగా రంగులు వేసిన చెయ్యి. గీకటానికి అది అలవాటు పడినట్టు లేదు. బ్రష్షు మాటిమాటికీ జారుతోంది. సగం చార పోయిందో లేదో మలుపు తిరిగి జీపు వచ్చి దిబ్బ దాటి ఆగింది. పదింటికి రావలసినవాళ్ళు తొమ్మిదింటికే వచ్చారు. జీపులో నుంచి ఏఈ దిగాడు, వెనక సీటు నుంచి హెడ్ కానిస్టేబుల్ దుర్గాప్రసాద్ దిగాడు. వెంకటసుబ్బారావు గారి బండి వెనకే ఆగింది.

ఏఈ కుర్రవాడే. ఇస్త్రీ చొక్కా, చేతిలో కెమెరా. లాజరు చేస్తున్న పని చూసి ఒక్క క్షణం ఆగాడు. ఆ తరవాత అతని ముఖంలో ఏదో తేలికపడింది.

"ఏయ్, ఏం చేస్తున్నావు?"

లాజరు లేచి నిలబడ్డాడు. చేతిలో ఇనప బ్రష్షు ఉంది. కాళ్ళ దగ్గర కిరసనాయిలు సీసా ఉంది. 

"చూశారా హెడ్డు గారూ. మా కాంట్రాక్టరు వేసిన చారలు చెరిపేస్తున్నాడు. ఎవడితను?"

"డ్రైవరు తండ్రండి" అన్నాడు వెంకటసుబ్బారావు గారు నేల చూస్తూ.

"కొడుకును తప్పించటానికన్నమాట. రాయండి. గవర్నమెంటు రోడ్డు మీద సాక్ష్యం చెరుపుతుండగా కళ్ళారా చూశామని రాయండి. కొడుకు మీద ఒక కేసు, తండ్రి మీద ఒక కేసు." అంటూనే కెమెరా ఎత్తి లాజరును ఫోటో తీశాడు.

లాజరు చెయ్యి అడ్డం పెట్టుకోబోయాడు. కిరసనాయిలు అంటిన చెయ్యి. పెట్టుకోకుండా దించేశాడు. తండ్రి తల అలా వంగటం రూతు ఇంతకుముందు చూడలేదు. కప్పు అంచున నిచ్చెన చివరి మెట్టు మీద కూడా ఆయన తల పైకే ఉంటుంది.

"అవి మీ కాంట్రాక్టరు వేసినవి కాదండి."

మాట బయటికి వచ్చాక గాని అది తనదని ఆమెకు తెలియలేదు. అందరూ తిరిగి చూశారు.

"ఎవరీ అమ్మాయి?"

"వాళ్ళ పిల్లేనండి. చిన్నపిల్ల" అన్నాడు వెంకటసుబ్బారావు గారు. "అమ్మాయ్, నువ్వు ఇంటికి పో."

"నేను వేశానండి. మా నాన్న రంగుతో. శనివారం పొద్దున వేశాను."

ఏఈ ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "నువ్వు వేశావా? గవర్నమెంటు రోడ్డు మీద నీ ఇష్టం వచ్చినట్టు రంగులు పుయ్యటానికి పర్మిషనెవరిచ్చారు నీకు? అది నేరమని తెలుసా? హెడ్డు గారూ, ఈ అమ్మాయి మీద కూడా రాయండి. కూతురు పూస్తుంది, తండ్రి చెరుపుతాడు. ఆడుకుంటున్నారా రోడ్డుతో?"

"రాయండి" అంది రూతు.

"ఏంటి?"

"నా మీద కేసు రాయండి. నేను పూశానని రాయండి. ఏ రోజు పూశానో కూడా రాయండి. మా అన్నయ్య గురువారం సాయంత్రం పడ్డాడు. నేను శనివారం పొద్దున పూశాను. రెండూ రాయండి."

దుర్గాప్రసాద్ జీపు బానెట్ మీద కాగితాల మధ్య కార్బన్ పెడుతున్నవాడు ఆగాడు. 

ఏఈ కెమెరా మూత పెట్టాడు. "అదంతా ఎందుకు హెడ్డు గారూ. పిల్లని భయపెడదామని అన్నాను. వదిలెయ్యండి."

"ఆ పిల్ల భయపడినట్టు లేదండి" అన్నాడు దుర్గాప్రసాద్ నెమ్మదిగా. ఆయన కాగితం చూసుకుంటూ మాట్లాడాడు. "ఇప్పుడు నాకు ఒక చిక్కొచ్చిందండి. ఇవి మీ కాంట్రాక్టరు వేసినవైతే ఈ పిల్ల మీద కేసు లేదు. ఈ పిల్ల వేసినవైతే గురువారం మీ దిబ్బ మీద చారల్లేవు. రెండూ ఒకే కాగితం మీద పట్టవండి. ఏది రాయమంటారు?"

"ఏదీ రాయొద్దు. తరవాత ఆఫీసు నుంచి పంపిస్తాం."

"వదలొద్దండి" అంది రూతు. ఆమె జీపు దాకా నడిచింది.  "నేను సంతకం పెడతాను. నీలిమందు గీతలు కూడా రంగు కింద ఉంటాయి. గీకి చూసుకోండి. ఇంతమంది చూస్తుండగా వేశాను. వీళ్ళలో ఒక్కరు కూడా చెప్పరు. అందుకే నా మీదే రాయండి."

టీ కొట్టు బల్లమీద ఎవరో చుట్ట ఆర్పారు. వెంకటసుబ్బారావు గారు దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, నీకు తెలవట్లేదు. దిబ్బ తవ్విస్తాడు."

"తవ్వమనండి. తవ్వేటప్పుడు గొయ్యి ముందు బోర్డన్నా పెట్టమనండి. మీరు మళ్ళీ కంప తీయించకుండా ఉండండి."

 చినలంకలో ఆయనతో ఎవరూ అలా మాట్లాడలేదు. లాజరు కూతురు అసలు మాట్లాడుతుందనే ఆయనకు తెలియదు.

దుర్గాప్రసాద్ పెన్ను మూత తీశాడు. "పేరు?"

"పల్లిపోగు రూతు. తండ్రి లాజరు."

"అంత గట్టిగా అక్కర్లేదమ్మా. పక్కనే ఉన్నాను."

ఆయన రాశాడు. ఏఈ రెండుసార్లు "హెడ్డు గారూ" అన్నాడు. మూడోసారి అనకుండా జీపు ఎక్కి కూర్చున్నాడు. రాయటం అయ్యాక దుర్గాప్రసాద్ కాగితం ఆమె ముందు పెట్టి, ఎక్కడ సంతకం పెట్టాలో గోరుతో చూపించాడు. అడుగున కార్బన్ కాపీ మీద కూడా పడేటట్టు ఆమె గట్టిగా ఒత్తి రాసింది.

"నీ మీద కేసు నిలుస్తుందో లేదో నాకు తెలవదు" అన్నాడు ఆయన కాగితాలు మడుస్తూ. "మీ అన్న ముందుసీటులో మనిషిని ఎక్కించాడు. అది నేను కొట్టెయ్యలేను. చారలుండగా చూసుకోలేదని మాత్రం రాయను. మిగతాది కోర్టులో చూసుకోవాలి."

"సెలక్షన్‌కి పోవచ్చాండి?"

"పొమ్మను. వాళ్ళేమంటారో వాళ్ళిష్టం."

జీపు వెనక్కి తిరిగింది. డ్రైవరు దిబ్బ దగ్గరకు రాగానే గేరు తగ్గించాడు. ముందు చక్రాలు మెల్లగా ఎక్కి దిగాయి. వెనక చక్రాలు ఎక్కి దిగాయి. వెంకటసుబ్బారావు గారు టీ కొట్టు వైపు పోకుండా నేరుగా ఇంటివైపు బండి తిప్పాడు.

లాజరు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. సగం చెరిగిన చార వైపు, దాని పక్కన తెల్లగా ఉన్న మిగతావాటి వైపు చూస్తున్నాడు. వంగి ఒకదాన్ని బొటనవేలితో రుద్ది చూశాడు.

"ఒక్క కోటే వేశావా?"

"డబ్బా అడుగున కొంచెమే మిగిలింది."

"తారు మీద ఒక్క కోటు నిలవదు. రెండు వానలకే పోద్ది." ఆయన సీసా వెలుతురుకు ఎత్తి చూశాడు. "సగం ఉంది. చిక్కబడ్డ రంగు దీంతో పలచన చేసుకోవచ్చు. డబ్బా, బ్రష్షు పట్రా."

ఆమె ఇంటికి పోయి తెచ్చింది. లాజరు డబ్బాలో కిరసనాయిలు చుక్కలు చుక్కలుగా పోసి పుల్లతో కలిపి, బ్రష్షు కోసం చెయ్యి చాపాడు. రూతు ఇవ్వలేదు. తలమీది చున్నీ తీసి నడుముకు బిగించి కట్టుకుంది. చెరిగిన చార ముందు గొంతుక్కూర్చుని గోనెపట్టాతో జిడ్డంతా తుడవసాగింది.

"నువ్వు లారీలు చూడు నాన్నా" అంది.

మలుపు అవతల చెరుకు ట్రాక్టరు చప్పుడు వినిపిస్తోంది. లాజరు భుజం మీది తువ్వాలు తీసి, రోడ్డు మధ్యకు నడిచి చెయ్యెత్తి నిలబడ్డాడు.